వెనక నిలబడేవాడి ఆట

పోయిన సంచికలో ఇరాన్ స్టాపర్ (గోల్ ముందు, వెనక వరస మధ్యలో కాపు కాసేవాడు) జలాల్ హొస్సేనీ గురించి నాలుగు మాటలు రాస్తే, ఆయన మీదే బోలెడు ఉత్తరాలు వచ్చాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే. జవాబులు రాస్తున్నది అనంతపురంలో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే రిటైర్డ్ పీఈటీ.

ప్రశ్న: సార్, మావాడు తొమ్మిదో తరగతి. నిన్నమొన్నటిదాకా ఫార్వర్డ్‌గా ఆడుతుండె. ఇప్పుడు కోచ్ వాణ్ని వెనక్కి, స్టాపర్‌గా వేసినారు. అప్పటి నుంచి అన్నం సహించడం లేదు వాడికి. గోల్ కొట్టేవాడికి పేరు, వెనక ఉండేవాడికి తిట్లు అంటాడు. కోచ్‌తో మాట్లాడి మళ్లీ ముందుకు వేయించమంటారా?
— ఒక తండ్రి, తాడిపత్రి

జవాబు: వద్దండీ. ఆ మాట కోచ్ దగ్గర ఎత్తొద్దు. పిల్లోణ్ని వెనక్కి వేశారంటే ఆట రాక పక్కన పెట్టారని మీరు అనుకుంటున్నారు. మా లెక్క వేరు. బంతి వెంట ఎగబడి పరుగెత్తే పిల్లలు ఎంతమందైనా దొరుకుతారు. బంతి అవతలి కొసన ఉన్నప్పుడు కూడా ఎదుటి ఫార్వర్డ్ ఎక్కడ నక్కి ఉన్నాడా అని వెతుక్కునే పిల్లోడు బ్యాచ్‌కి ఒకడు దొరికితే మా అదృష్టం. మీవాడిలో కోచ్‌కు అది కనబడి ఉంటుంది. ఎందుకు మార్చారో ఒకసారి అడిగి తెలుసుకోండి, తప్పులేదు. మార్చమని మాత్రం అడగొద్దు.

పేరు సంగతికి వస్తాను. ఇరాన్ అనగానే ఫుట్‌బాల్ తెలిసినవాళ్లందరికీ అలీ దాయీ గుర్తొస్తాడు. గోల్స్ కొట్టిన మనిషి, గుర్తుండాల్సిందే. అదే దాయీ 2006-07 సీజన్‌లో సైపా అనే క్లబ్‌కు ఆడుతూనే, మధ్యలో కోచ్ బాధ్యత కూడా నెత్తిన వేసుకుని లీగ్ గెలిపించాడు. ఆ జట్టు వెనక భాగంలో నిలబడింది జలాల్ హొస్సేనీ. జీవితమంతా స్టాపర్లను దాటుకుంటూ గోల్స్ కొట్టిన మనిషికి మంచి స్టాపర్ ఎవరో చెప్పాల్సిన పని లేదు. ఈ సంగతి మీవాడికి చెప్పండి.

ప్రశ్న: హొస్సేనీ కథ మొదటి నుంచి చెప్పండి సార్. ఏ ఊరు, ఎక్కడ మొదలుపెట్టినాడు, ఏమేం గెలిచినాడు?
— డిగ్రీ విద్యార్థి, ప్రొద్దుటూరు

జవాబు: ఊరు బందర్ అంజలీ. కాస్పియన్ సముద్రం ఒడ్డున రేవు పట్నం. ఇరాన్ అంటే మనకు ఎడారే కళ్లముందు మెదులుతుంది కానీ, ఆ దేశంలో వానలు బాగా దంచికొట్టే ఊళ్లలో అది ఒకటి. చినుకు కోసం మొగులు వైపు చూసే మన అనంతపురానికి అచ్చంగా ఎదురు. అక్కడ 1982 ఫిబ్రవరిలో పుట్టాడు. అదే ఊరి క్లబ్ మలవాన్‌లో ఆట మొదలుపెట్టాడు. నౌకాదళం నడిపిన క్లబ్ అది. రాజధాని కాదు, పెద్ద క్లబ్బూ కాదు.

ఆ పైన సైపా. ఇది కార్ల కంపెనీ జట్టు. చెప్పాను కదా, 2006-07లో అక్కడ మొదటి లీగ్ టైటిల్. 2009లో ఇస్ఫహాన్ నగరానికి, సెపహాన్ క్లబ్‌కు వెళ్లాడు. ఉక్కు ఫ్యాక్టరీ వెన్నుదన్నుగా ఉన్న జట్టు. అక్కడ 2010, 2011, 2012లలో వరసగా మూడు టైటిళ్లు. తర్వాత తెహ్రాన్‌లో ఎర్ర చొక్కాల పెర్సెపోలిస్. కొన్నాళ్లు ఖతార్‌లో అల్ అహ్లీ, మళ్లీ తెహ్రాన్ వచ్చి చమురు శాఖ జట్టు నఫ్త్. 2016లో తిరిగి పెర్సెపోలిస్.

ఇక్కడ కాస్త ఆగి చూడు నాయనా. 2016 అంటే అప్పటికి 34 ఏళ్లు. మన దగ్గరైతే ఆ వయసుకి బూట్లు అటక మీద పెట్టేసి, 'మా కాలంలో' అని మొదలుపెడతారు. ఈయన ఆ వయసులో వచ్చి, కెప్టెన్ పట్టీ కట్టుకుని 2017 నుంచి 2021 దాకా వరసగా ఐదుసార్లు లీగ్ గెలిచాడు. సైపాతో ఒకటి, సెపహాన్‌తో మూడు, పెర్సెపోలిస్‌తో ఐదు. మొత్తం తొమ్మిది. మూడు వేర్వేరు ఊళ్ల జట్లతో! కోచ్‌లు మారారు, పక్కన ఆడేవాళ్లు మారారు, చొక్కా రంగు మారింది. ఇన్ని మారినా ఆయన ఉన్నచోట టైటిల్ వచ్చింది. దాన్ని అదృష్టం అని కొట్టిపారేయడానికి నాకు మనసొప్పదు.

దేశం జట్టులోకి వచ్చింది 2007లో, 25 ఏళ్ల వయసులో. ఆ ఏడాది ఆసియా కప్‌లో కౌలాలంపూర్‌లో ఉజ్బెకిస్తాన్ మీద మ్యాచ్. ఇరాన్ స్టాపర్ రహ్మాన్ రెజాయీ కాలికి తగిలి బంతి సొంత గోల్‌లోకి పోయింది. ఇటలీలో ఏళ్ల తరబడి ఆడిన సీనియర్ ఆయన. ఆ గోల్‌ను సరిచేసింది ఎవరనుకున్నావు? రెండో సగంలో పైకి వెళ్లి స్కోరు సమం చేసింది మన హొస్సేనీయే. చివరికి ఇరాన్ 2-1తో గెలిచింది. తోటి స్టాపర్ బరువు తాను దించాడు. నాకు ఆయన మీద అభిమానం ఆ మ్యాచ్‌తోనే మొదలైంది. ఆ తర్వాత దేశానికి వందకు పైగా మ్యాచ్‌లు ఆడాడు.

ప్రశ్న: 2014 ప్రపంచకప్‌లో ఇరాన్ డిఫెన్స్ గొప్పదని రాసినారు. మరి చివరి నిమిషంలో మెస్సీకి గోల్ ఇచ్చినారు కదా?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఇచ్చారు. కాదనను. కానీ ఆ నిమిషానికి ముందు జరిగిన తొంభై నిమిషాల గురించి ఎవరూ అడగడం లేదు కాబట్టి అదే చెబుతాను.

అసలు ఆ ప్రపంచకప్ జరిగిన బ్రెజిల్‌కు ఎలా వెళ్లారో చూడండి. అర్హత పోటీల ఆఖరి దశలో ఇరాన్ ఆడింది ఎనిమిది మ్యాచ్‌లు. ఇచ్చిన గోల్స్ రెండే. కొట్టింది కూడా ఎనిమిదే, అందులో నాలుగు ఒక్క లెబనాన్ మీదే. అంటే మిగతా మ్యాచ్‌లన్నీ ఒక్క గోల్ తేడాతో గట్టెక్కాల్సినవే. 2013 జూన్‌లో ఉల్సాన్‌లో దక్షిణ కొరియాను వాళ్ల గడ్డ మీదే 1-0తో ఓడించి గ్రూప్‌లో మొదటి స్థానంతో వెళ్లారు. 1-0తో గెలవాలంటే ముందున్నవాడు ఒకసారి సరిగ్గా కొడితే చాలు. వెనకున్నవాడు మాత్రం ప్రతిసారీ సరిగ్గా ఉండాలి.

ప్రపంచకప్‌లో మొదటి మ్యాచ్ నైజీరియాతో, 0-0. చప్పటి మ్యాచ్ అని పేపర్లన్నీ రాశాయి. ఇరాన్‌కు మాత్రం ప్రపంచకప్ చరిత్రలో గోల్ ఇవ్వని మొదటి మ్యాచ్ అదే. 1978, 1998, 2006, మూడుసార్లు వెళ్లి కూడా ఎప్పుడూ చేయలేనిది ఆ రోజు చేశారు.

రెండోది అర్జెంటీనా. జూన్ 21, బెలో హొరిజాంటే. మనకు రాత్రి తొమ్మిదిన్నరకు మొదలైంది. అవతల మెస్సీ, అగ్వేరో, హిగ్వాయిన్, దీ మరియా నలుగురూ ఒకేసారి మైదానంలో ఉన్నారు. ఇరాన్ వెనక వరస మధ్యలో హొస్సేనీ, అమీర్ హొస్సేన్ సాదెగీ. బంతి దాదాపు ఆట మొత్తం అర్జెంటీనా కాళ్ల దగ్గరే తిరిగింది. ఇరాన్‌వాళ్లు నలుగురు ఒక వరస, వాళ్ల ముందు నలుగురు ఇంకో వరస. రెండు వరసల మధ్య సందు దొరక్క మెస్సీ బంతి కోసం వెనక్కి వెనక్కి దిగిపోవడం చూశాం. సందు మూసేయడానికి కాళ్ల బలం ఒక్కటే సరిపోదు. పక్కవాడు రెండడుగులు ఎడమకు జరిగితే వీడు చెప్పించుకోకుండా రెండడుగులు జరగాలి. మధ్యలో ఉన్న స్టాపర్ నోరు మూసుకుంటే ఆ వరస పది నిమిషాల్లో చెదిరిపోతుంది.

పైగా వాళ్లు ఊరికే దాక్కోలేదు. రెండో సగంలో ఇరాన్ ఆటగాడు దెజాగా తలతో కొట్టిన బంతిని అర్జెంటీనా గోల్‌కీపర్ రొమేరో వేళ్ల చివరతో పైకి నెట్టాడు. దెజాగాను అర్జెంటీనా డిఫెండర్ జబలేటా పడేసినప్పుడు పెనాల్టీ ఇవ్వాల్సిందనే నేను ఇప్పటికీ అంటాను. 91వ నిమిషంలో మెస్సీ బాక్స్ బయటి నుంచి ఎడమ కాలితో వంచి అవతలి స్తంభం లోపలికి కొట్టాడు. దానికి స్టాపర్‌ను నిందించడం న్యాయం కాదు. అట్లాంటి బంతికి బదులు ఎవరి దగ్గరా లేదు.

మూడో మ్యాచ్‌లో బోస్నియా చేతిలో 3-1. అక్కడ అలసిపోయారు, ముందుకు పోక తప్పని పరిస్థితి కూడా. దాని గురించి అంతకంటే చెప్పడానికి లేదు.

ప్రశ్న: నమస్తే సార్. నేను ఇంటర్ ఫస్టియర్, మా కాలేజీ టీమ్‌లో స్టాపర్‌ని. పొడుగు తక్కువ. హొస్సేనీ లాంటి పొడుగువాళ్లు ఎగిరి హెడ్ చేస్తారు, నేనేం చేయాల? స్లైడింగ్ చేస్తే కాళ్లన్నీ చెక్కుకుపోతున్నాయి.
— ఒక అమ్మాయి, ఉరవకొండ

జవాబు: ముందు స్లైడింగ్ మానెయ్ తల్లీ. ప్రపంచంలో పెద్ద పెద్ద స్టాపర్లు తడి పచ్చిక మీద జారుతారు. మనది ఎర్ర గరుసు నేల. తొడ చెక్కుకుపోతే వారం రోజులు మంచం పక్కకు కూడా ఒత్తిగిల్లలేవు. ఒకందుకు ఈ నేల మేలే చేస్తుంది, కింద పడకుండా ఆడటం నేర్పిస్తుంది. కింద పడిన స్టాపర్ ఆ క్షణానికి ఆటలో లేనట్టే. నిలబడి ఉన్నంతసేపూ ఎదుటివాళ్లకు నువ్వొక అడ్డం.

మా దగ్గర ఒక కసరత్తు చేయిస్తాం. మీ పీడీ గారికి చూపించు. స్టాపర్ ముందు నుంచి ఒకరు బంతి వేస్తుంటారు. వెనక పదడుగుల దూరంలో ఇంకొకరు నిలబడి వేళ్లు చూపిస్తుంటారు, ఒకసారి రెండు, ఒకసారి నాలుగు. బంతి వచ్చేలోపు స్టాపర్ మెడ తిప్పి చూసి ఆ అంకె గట్టిగా చెప్పాలి, చెప్పాకే బంతి తన్నాలి. మొదట్లో అందరూ అంకె చూస్తే బంతి వదిలేస్తారు, బంతి చూస్తే అంకె తప్పు చెబుతారు. పోనుపోను మెడ దానంతటదే తిరుగుతుంది. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి ఇంట్లో బువ్వ తినేటప్పుడు కూడా వెనక్కి తిరిగి చూస్తోందని వాళ్లమ్మ వచ్చి చెప్పింది. ఆ అమ్మాయిని దాటి పోవడం ఇప్పుడు మగపిల్లలకు కూడా కష్టమే.

హొస్సేనీ వీడియోలు చూసేటప్పుడు ఆయన ఎగిరే క్షణం దగ్గర ఆపొద్దు. నాలుగు సెకన్లు వెనక్కి పో. కార్నర్ తన్నేవాడు చెయ్యి ఎత్తినప్పుడు ఆయన ఒళ్లు ఎటు తిరిగి ఉందో చూడు. బంతికి పూర్తిగా ఎదురుగా ఉండడు, మనిషికి పూర్తిగా ఎదురుగానూ ఉండడు. ఏటవాలుగా నిలబడి రెంటినీ ఒక్క చూపులో పెట్టుకుంటాడు. పొడుగు లేనివాళ్లకు ఆ నిలబడే తీరే ఆస్తి. ఎదుటి అమ్మాయి ఎగిరేటప్పుడు నువ్వు ఆమె కంటే పైకి పోనక్కర్లేదు. నీ భుజం ఆమె దారిలో ముందే ఉంటే చాలు, ఆమె తలకు బంతి సరిగ్గా తగలదు. చేతులతో మాత్రం లాగొద్దు. అలవాటు పోవాలంటే ప్రాక్టీసులో రెండు చేతుల్లో రెండు టెన్నిస్ బంతులు పట్టుకుని ఆడు.

ఇంకొకటి. ఆషాఢం గాలికి మీ ఉరవకొండ వైపు బంతి ఎక్కడ పడుతుందో దేవుడికే తెలియాలి. గాలి ఉన్న రోజు బంతి కిందకు వస్తుందనుకున్న చోటికి ముందే వెళ్లి నిలబడొద్దు. ఒక అడుగు వెనకే ఉండు. ముందుకు అడుగేసి తలతో కొట్టడం సులువు, వెనక్కి పోతూ కొట్టడం ఎంత పొడుగువాళ్లకైనా కష్టం.

ప్రశ్న: ఇంత ఆడిన మనిషిని 2018 ప్రపంచకప్‌కు ఎందుకు తీసుకుపోలేదు? అన్యాయం కాదా అయ్యవారూ?
— రిటైర్డ్ రైల్వే ఉద్యోగి, గుంతకల్లు

జవాబు: నాకూ బాధ కలిగింది. 2018 అర్హత పోటీల ఆఖరి దశ పది మ్యాచ్‌లలో ఇరాన్ మొదటి తొమ్మిదింటిలో ఒక్క గోల్ ఇవ్వలేదు. చివరి మ్యాచ్‌లో సిరియా మీద 2-2, ఆ రెండే. ఆ దశలో వెనక నిలబడ్డవాళ్లలో హొస్సేనీ ఒకడు. తీరా రష్యాకు వెళ్లే జాబితా చదివితే ఆయన పేరు లేదు. 36 ఏళ్లు. కోచ్ కార్లోస్ కెయిరోష్ కుర్రవాళ్ల వైపు మొగ్గాడు.

న్యాయమా కాదా అంటే, ఒక కోచ్‌గా నేను కెయిరోష్‌ను తప్పుపట్టలేను. 1996లో పుట్టిన మజీద్ హొస్సేనీ అనే కుర్రాడిని స్పెయిన్, పోర్చుగల్ మీద దింపితే చక్కగా నిలబడ్డాడు. మొరాకో మీద గెలుపు, స్పెయిన్ చేతిలో 1-0 ఓటమి, పోర్చుగల్‌తో 1-1. డిఫెన్స్ చెదరలేదు. అయినా జాబితాలో ఇరవై ముగ్గురికి చోటుంది కదా. బల్ల మీద కూర్చోబెట్టడానికైనా తీసుకుపోవాల్సిందని నా మనసులో మాట. డ్రెస్సింగ్ రూమ్‌లో అట్లాంటి పెద్ద ఒకడుంటే కుర్రాళ్లకు ధైర్యం.

ఆ తర్వాత ఆయన చేసింది చూడండి. ప్రపంచకప్ ముగిసిన నాలుగు నెలలకే పెర్సెపోలిస్‌ను ఆసియా చాంపియన్స్ లీగ్ (ఆసియా క్లబ్‌ల పెద్ద పోటీ) ఫైనల్‌కు తీసుకొచ్చాడు. ఆ ఏడాది ఆ క్లబ్ కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా ఫిఫా నిషేధం ఉంది. ఉన్న కొద్దిమందితోనే లాక్కొచ్చారు. ఫైనల్ మొదటి మ్యాచ్ జపాన్‌లో, కషిమా యాంట్లర్స్ 2-0తో గెలిచింది. రెండోది తెహ్రాన్ ఆజాదీ స్టేడియంలో, లక్షమంది దాకా జనం మధ్య 0-0. కప్పు కషిమాకు పోయింది.

2020లో మళ్లీ ఫైనల్, ఈసారి ఖతార్‌లో. కోచ్ యాహ్యా గొల్‌మొహమ్మదీ, తనూ ఒకప్పటి స్టాపరే. 2006 ప్రపంచకప్‌లో మెక్సికో మీద గోల్ కొట్టినాయన. మొదట గోల్ కొట్టింది పెర్సెపోలిస్ అయినా, దక్షిణ కొరియా జట్టు ఉల్సాన్ హ్యుందాయ్ పెనాల్టీల దగ్గర దొరికిన రెండు గోల్స్‌తో 2-1గా గెలిచింది. అప్పుడు హొస్సేనీకి 38. ఆసియా చాంపియన్స్ లీగ్ కప్పు ఆయన చేతికి రాలేదు. ఆ లోటు లోటే, తొమ్మిది లీగ్ టైటిళ్లు దాన్ని పూడ్చవు. ఆయనకు అది దక్కి ఉంటే ఎంత బాగుండేదో అని నేను ఇప్పటికీ అనుకుంటాను.

ప్రశ్న: మన దేశంలో ఎప్పుడైనా ఆడినాడా సార్?
— ఇంజనీరింగ్ విద్యార్థి, కడప

జవాబు: ఆడాడు. 2021 ఏప్రిల్‌లో పెర్సెపోలిస్ ఆసియా చాంపియన్స్ లీగ్ గ్రూప్ మ్యాచ్‌ల కోసం గోవా వచ్చింది. కరోనా రోజులు కాబట్టి మడ్‌గావ్ స్టేడియంలో ప్రేక్షకులు లేరు, ఉంటే నేను రైలెక్కేవాణ్ని. ఎఫ్‌సీ గోవా తరఫున ఎదూ బెదియా మొదట గోల్ కొట్టాడు. ఆ పోటీ గ్రూప్ దశలో ఒక భారతీయ క్లబ్‌కు అదే మొదటి గోల్, దేశమంతా సంబరపడింది. కాసేపటికి పెర్సెపోలిస్ పెనాల్టీతో సమం చేసింది. వెంటనే గెలుపు గోల్. కొట్టింది 39 ఏళ్ల మన స్టాపరే. మన జట్టు ఓడినందుకు బాధపడ్డాను, ఆ గోల్ మాత్రం మా పిల్లలకు ఎన్నోసార్లు చూపించాను.

ప్రశ్న: మా బాబుకు పదేళ్లు. స్టాపర్ అవుతానని రోజూ గోడకేసి తలతో బంతి కొడుతున్నాడు. తలకు ఏమైనా అవుతుందేమోనని భయంగా ఉంది.
— ఒక తల్లి, ఆదోని

జవాబు: భయపడటం సబబే అమ్మా. ఆ గోడ ఆట ఈ రోజే మాన్పించండి. అమెరికా ఫుట్‌బాల్ సంఘం 2015లోనే పదేళ్లు, ఆలోపు పిల్లలకు హెడ్డింగ్ వద్దంది. ఇంగ్లండ్, స్కాట్లాండ్, ఉత్తర ఐర్లాండ్ సంఘాలు 2020లో ప్రాథమిక తరగతుల పిల్లలకు ప్రాక్టీసులో హెడ్డింగ్ నేర్పొద్దన్నాయి. మన దగ్గర చాలా మైదానాల్లో ఈ సంగతి పట్టించుకోవడం లేదు, అది నాకు నచ్చదు. ఈ వయసులో బాబు నేర్చుకోవాల్సింది నిలబడటం, చూడటం, రెండు కాళ్లతో బంతి ఆపడం. అవే ఇద్దాం. పన్నెండు పదమూడు దాటాక, గాలి తక్కువ పెట్టిన తేలిక బంతితో, కోచ్ దగ్గరుండి చేతితో మెల్లగా వేస్తుంటే, కళ్లు తెరిచి నుదుటితో కొట్టడం నేర్పిస్తారు. అది కూడా రోజుకు కొద్దిసార్లే. వానలో నానిన బంతి అసలొద్దు.

ఆటలో ఎప్పుడైనా తలకు దెబ్బ తగిలి కళ్లు తిరిగినా, వాంతి అయినా, అడిగిన మాటకు పొంతన లేని జవాబు చెప్పినా ఆ రోజుకు ఆట ఆపేసి డాక్టరుకు చూపించండి. ఎంత పెద్ద మ్యాచ్ అయినా, మా బోటి మాస్టార్లు ఎంత బతిమాలినా మళ్లీ దింపనివ్వొద్దు.